తాడు మీద నాలుగో సైగ

కడెం డ్యామ్ గేట్ల మీద నుంచి నీళ్ళు పొర్లిన వరదకు అది మూడో ఏడు. నవంబరు నెల. తిరుమల్ దోహాలో విమానం దిగాడు.

ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసర్ అడిగాడు.

"వచ్చిన పని?"

"హాలిడే. స్కూబా డైవింగ్. ఇక్కడ ఒక పాత స్నేహితుడున్నాడు."

చెప్పినంతవరకు అంతా నిజమే. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కౌంటర్ దగ్గర తిరుమల్ అబద్ధం చెప్పకపోవడం అదే మొదటిసారి.

గంట తర్వాత ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక వాచీ రిపేరు షాపులోకి వెళ్ళాడు. కంటికి అద్దం పెట్టుకుని ఒక ముసలాయన పాత వాచీ విప్పుతున్నాడు.

"సముద్రంలో పడిన వాచీ బాగవుతుందా?" అన్నాడు తిరుమల్.

"యా సముద్రం?"

"తీపి నీళ్ళ సముద్రం."

ముసలాయన కంటి అద్దం తీశాడు. షట్టర్ సగం దించాడు. ఆయన పేరు ముజఫ్ఫర్ అలీ. కర్నూలు మనిషి. తిరుమల్ పనిచేసే గూఢచారి ఆఫీసుకు దోహాలో ఉన్న ఏకైక మనిషి. చీఫ్ ఆయనే, గుమస్తా ఆయనే.

"కూర్చోప్పా. ఒగ ముఠా ఉంది. యా దేశందో పైవాళ్ళకు తెల్సు, నాకు చెప్పలేదు. గ్యాస్ షిప్పుల అడుగున ఒగ పెట్టె అంటిస్తాండారు. మాగ్నెట్ పెట్టె. మూడు షిప్పులకు అంటించి మళ్ళా తీసేసినారు. అయి ట్రయల్. నాలుగోది అసలుది. గంధర్వ అని షిప్పు. మన దేశానికి గ్యాస్ తీసకపోతాది. హార్బరులో గ్యాస్ దింపేటప్పుడు పెట్టె పేలల్ల. అదీ ప్లాన్."

"అంటించేది ఎవరు?"

ముజఫ్ఫర్ అలీ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. నల్లటి డైవింగ్ సూటు. తెల్లటి మీసం. తిరుమల్ ముఖంలో ఏమీ మారలేదు. ముఖం మారకుండా ఉండటం అతనికి ట్రైనింగులో నేర్పారు.

"రాజేశం. హల్ క్లీనింగ్ డైవర్. షిప్పు అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకే పని. మీ ఊరే గదా?"

"మా వాడ."

"అందుకే నిన్ను పంపినారు. పెట్టె చిక్కల్ల. మనిషి..." ముజఫ్ఫర్ అలీ వాచీ కేసి చూస్తూ అన్నాడు. "మనిషి పైకి రాకున్నా పర్వాలేదంట. డైవింగ్ యాక్సిడెంట్. హాలిడేల్లో అయితాంటాయి గదా."

తిరుమల్ ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

"ఇదిగో గాడ్జెట్." ముజఫ్ఫర్ అలీ ఒక డైవింగ్ వాచీ ఇచ్చాడు. "పేలుడు మందు దగ్గరుంటే ఎర్ర లైటు. లేకుంటే పచ్చ లైటు. ల్యాబులో నూరుసార్లు టెస్ట్ చేసినారంట."

"ఏ నీళ్ళలో?"

"కొళాయి నీళ్ళేమోప్పా. నన్నడిగితే నేనేం చెప్తును?" షట్టర్ ఎత్తుతూ ఇంకో మాట అన్నాడు. "డైవింగ్ నేర్పే ఆమె పేరు సబ్రీన్. ఈ కబురు మనకు చెప్పింది ఆమే. మన కబుర్లు అవతలోళ్ళకు చెప్పేది గూడా ఆమే. డబుల్ ఏజెంట్. వచ్చేది నువ్వని ఆమెకు తెలీదు. తెలీకుండా చూసుకో."

*

రాజేశం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో ఉంటాడు. గదికి నలుగురు. శుక్రవారం సెలవు కాబట్టి మిగతా ముగ్గురూ బయటికి పోయారు. తలుపు తీసి రాజేశం అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏంరా తిర్మల్. గవర్నమెంటు తిండి మస్తుగ వంటవట్టినట్టున్నది."

"నీ మీసం తెల్లగైంది."

"ఉప్పు నీళ్ళు రా. ఇంకో పదేండ్లుంటే మనిషినే తెల్లగైత."

వాళ్ళిద్దరూ గోదావరి ఒడ్డున పుట్టారు. చేపలు పట్టే ఇళ్ళు. నదిలో ఎవరైనా మునిగిపోతే పోలీసులు వీళ్ళనే పిలిచేవారు. ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. ఒకడు ఒడ్డున తాడు పట్టేవాడు. ఒకసారి మునిగిన చెట్టు కొమ్మల్లో తిరుమల్ ఇరుక్కున్నాడు. తాడు వెంబడి దిగి వచ్చి రాజేశం అతన్ని విడిపించాడు. తర్వాత తిరుమల్ నేవీకి పోయాడు. అక్కడి నుంచి ఆఫీసుకు. రాజేశం గల్ఫ్‌కు వచ్చాడు.

చేపల పులుసు, అన్నం తిన్నారు. మంచం పైన గోడకు ఒక యువకుడి ఫోటో ఉంది. రాజేశం కొడుకు నగేష్. వరదలో తెప్ప మీద పోయి ముగ్గురిని ఒడ్డుకు చేర్చాడు. నాలుగో మనిషి కోసం పోయి తిరిగి రాలేదు. ఫోటోకు బొట్టు లేదు. దండ లేదు.

"దండెయ్యలే?" అన్నాడు తిరుమల్.

"దొరకకుంట ఎట్లేస్తం రా."

రాజేశం పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఊళ్ళ ఎవలెవల బిడ్డలనో తీసినం మనం," అన్నాడు రాజేశం. "నా పోరడు పోయిననాడు నేను షిప్పు కింద గుల్లలు గీకుతున్న. లీవ్ దొరికి పోయేసరికి తొమ్మిదో దినం. నెల దినాలు నీళ్ళల్ల దిగిన. ఒండ్రు రా. నిలువెత్తు ఒండ్రు. మీ వదినె బాలవ్వ దినాం ఒడ్డు మీద కూసునేది. నేను పైకి రాంగనే ‘దొరికిండా’ అనేది. లేదని చెప్పబుద్ధిగాక ఇంకింత సేపు నీళ్ళల్లనే ఉండేటోణ్ణి."

చేయి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో మీసం తుడుచుకున్నాడు. నవ్వాడు.

"ఇగ దొరుకుతడు."

"ఎట్ల?"

"రేపు చెప్త. దుఖాన్ బీచికి పోదాం. హాలిడే అంటివి గద."

"రాజేశం. ఆ సబ్రీన్ దగ్గర డైవింగ్ ఫారంల నాకు ఈత రాదని రాసిన. నిర్మల్‌ల బట్టల షాపు అని రాసిన. నువ్వేం అనకు."

"ఎందుకు రా?"

"కొత్తోళ్ళకైతే ఆమె పక్కపొంటి ఉంటదట."

రాజేశం చాలాసేపు నవ్వాడు. "ముసలోనివైతున్నవ్. నీ బుద్ధి పోలే."

*

దుఖాన్ సముద్రం లోతు తక్కువ. నీళ్ళు గాజులా ఉన్నాయి. సబ్రీన్ జీపు దిగి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి సూటు, చేతిలో ఎర్రటి ఫిన్స్. ఆమె నడిచి వస్తుంటే ఒడ్డున ఉన్న నలుగురూ తలలు తిప్పారు. పుట్టింది హైదరాబాద్ మలక్‌పేటలో. పెరిగింది దోహాలో.

"చాచా, మీ దోస్తు ఈయనేనా?"

"గీయనే బిడ్డా. జర పైలం. నీళ్ళంటే భయం ఈయనకు." రాజేశం నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు.

తిరుమల్ సిలిండర్ తగిలించుకున్నాడు. కావాలనే పట్టీలు తప్పుగా పెట్టుకున్నాడు. సబ్రీన్ సరిచేసింది. ఫిన్స్ తొడుక్కుని తూలుతూ నడిచాడు. అంతా బాగానే నటించాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అప్పుడు అతని చెయ్యి దానంతట అదే వంగింది. దోసెడు నీళ్ళు తీసి కళ్ళకు అద్దుకున్నాడు. నీళ్ళలో దిగేముందు వాళ్ళ వాడలో అందరూ చేసే పని. గంగమ్మను అడగకుండా దిగరు. నేవీ ఆ అలవాటు మాన్పించలేదు. ఆఫీసుకు ఆ అలవాటు ఉందనే తెలియదు.

సబ్రీన్ కళ్ళద్దాలు తీసింది.

"బట్టల షాపు వాళ్ళు నీళ్ళు కళ్ళకద్దుకోరు సార్."

"ఏదో భక్తి."

"చాచా రోజూ అద్దుకుంటాడు. నీళ్ళ పని చేసేవాళ్ళే అద్దుకుంటారు."

ఆమె అతన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళింది. అరగంట సేపు చేపలు చూపించింది. పైకి రాగానే ఫోన్ పట్టుకుని జీపు అవతలికి పోయింది.

తిరుమల్, రాజేశం ఇసుకలో కూర్చున్నారు.

"మిషిన్ వచ్చింది రా," అన్నాడు రాజేశం. "మట్టి కింద మనిషి బొక్కలను పట్టే మిషిన్. ఎంత ఒండ్రున్నా సరే. షిప్పుకు అంటిస్తే, షిప్పు పోయినకొద్ది అడుగంత ఫోటో తీస్తదట. ముందుగాల ఇక్కడ టెస్టులు చేస్తున్రు. మూడు షిప్పులైనయి. రేపు నాలుగోది. గంధర్వ. గది గూడ అయితే మిషిన్‌ను కడెం పంపిస్తమన్నరు."

"ఎవరన్నరు?"

"సబ్రీన్ బిడ్డ."

తిరుమల్ అతని ముఖంలోకి చూశాడు. అబద్ధాలు చెప్పేవాళ్ళను చూడటమే అతని ఉద్యోగం. ఈ ముఖంలో అబద్ధం లేదు. వెతికి వెతికి అలసిన తండ్రి మాత్రమే ఉన్నాడు.

"నువ్వు దాన్ని విప్పి చూసినవా?"

"మిషిన్‌ను నేనేం చూస్త. నేను మూడో తరగతిల బడి ఇడిచిపెట్టిన. ఇగో, రేపు మా హెల్పర్ లేడు. నువ్వు రా. తాడు పట్టు. ఎన్నేండ్లాయె."

ఆ సాయంత్రం తిరుమల్ వాచీ షాపుకు ఫోన్ చేశాడు.

"రేపు పెట్టె పక్కన గడియారం పెట్టి చూడు," అన్నాడు ముజఫ్ఫర్ అలీ. "ఎర్రగైతే ఆడే పట్టుకో. పచ్చగుంటే ఇంకోసారి ట్రయల్ అని అర్థం. అంటించనీ. అసలు పెట్టె వచ్చేదాకా ముఠాకు అనుమానం రాగూడదు."

"మనిషి అమాయకుడు. మోసపోయాడు."

"ఫైల్లో ఆ కాలమ్ లేదప్పా."

*

గంధర్వ లంగరు వేసి ఉంది. ఇనుప గోడలా నీళ్ళలో నిలబడి ఉంది. దాని మీద ఇరవై ఏడు మంది సిబ్బంది. క్లీనింగ్ కంపెనీ బోటు దాని పక్కన ఆగింది. రాజేశం సంచిలోంచి పెట్టె తీశాడు. టిఫిన్ డబ్బా అంత ఉంది. పొద్దున సబ్రీన్ ఇచ్చిందన్నాడు.

తిరుమల్ వాచీ ఉన్న చేతిని పెట్టె మీద పెట్టాడు. పచ్చ లైటు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పచ్చ లైటే. అతనికి ప్రాణం లేచొచ్చింది. తన స్నేహితుడి మీద ఈరోజు చెయ్యి ఎత్తనక్కర లేదు. ఆ సంతోషంలో వాచీని ఇంకేమీ అడగలేదు. ఏజెంటుకు అలాంటి సంతోషం మంచిది కాదు.

రాజేశం నడుముకు తాడు కట్టుకున్నాడు.

"సైగలు యాదికున్నయా?"

"ఒకసారి గుంజితే బాగున్న. రెండుసార్లయితే తాడు వదులు. మూడుసార్లు పైకి రా."

"నాలుగోది?"

"పొడుగ్గ ఒక్కసారి గుంజి పట్టుకుంటే, మనిషి దొరికిండు."

"మర్సిపోలే." రాజేశం దోసెడు నీళ్ళు కళ్ళకద్దుకుని దిగాడు. పది గంటల నలభై నిమిషాలు.

తాడు తిరుమల్ చేతుల్లో కదులుతోంది. ఒక గుంజు. బాగున్నాడు. పాతికేళ్ళ తర్వాత కూడా ఆ గుంజు అలాగే ఉంది. తొందరపాటు లేదు.

పదకొండూ రెండుకు తిరుమల్ ఫోన్ మోగింది. సబ్రీన్.

"సార్, మీ పేరేదైనా కానీ, వినండి. ఆ పెట్టె ట్రయల్ కాదు. అసలుది."

"నా వాచీ పచ్చగా ఉంది."

"మీ వాచీ సంగతి నాకు తెలీదు. నిన్న మీరు నీళ్ళు కళ్ళకద్దుకున్నారని వాళ్ళకు నేనే చెప్పాను. ఎవరో వచ్చారని భయపడ్డారు. ఇంక హార్బర్ దాకా ఆగరు. పొద్దున టైమర్ మార్చి నా చేతికిచ్చారు. పదకొండున్నర."

తిరుమల్ తాడు బిగించి పట్టుకున్నాడు. "ఎందుకు చెబుతున్నావు?"

"పెట్టె తీసుకుంటూ చాచా నన్ను వాళ్ళ ఊరికి రమ్మన్నాడు. నగేష్ దొరికిన రోజు బిడ్డవు నువ్వు గూడ ఉండాలె అన్నాడు."

ఫోన్ కట్ అయింది.

తిరుమల్ తాడు మూడుసార్లు గుంజాడు. రాజేశం పైకి వచ్చి బోటు అంచు పట్టుకున్నాడు. మాస్క్ నుదుటి మీదికి తోశాడు.

"ఏందిరా? అంటిచ్చుడైంది. ఇంత గీకుడు పని ఉండె."

"అది మిషిన్ కాదు రా. బాంబు."

రాజేశం ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నీకెట్లెరుక?"

"నేను దానికోసమే వచ్చిన."

"నాకోసం రాలే?"

తిరుమల్ చూపు తాడు మీదికి దించుకున్నాడు. రాజేశం షిప్పు కేసి చూశాడు. పైన రెయిలింగ్ దగ్గర ఒక సెయిలర్ చాయ్ తాగుతున్నాడు. కిందికి చూసి చెయ్యి ఊపాడు.

"గట్లైతే, మా పోరడు..."

"దొరకడు రా."

ఆ మాట చెప్పడానికి తిరుమల్‌కు ఇరవై ఆరేళ్ళ ట్రైనింగ్ సరిపోలేదు. రాజేశం రెండు చేతులూ బోటు అంచు మీద పెట్టి, వాటి మీద గడ్డం ఆనించాడు. ఒడ్డుకు చేరిన మనిషిలా కాసేపు అలాగే ఉన్నాడు.

"ఎంత టైమున్నది?"

"ఇరవై రెండు నిమిషాలు. నేను దిగుత. జరుగు."

"నీకా మాగ్నెట్ ఇడిపిచ్చుడు రాదు. సక్కగ గుంజితే రాదది. పక్కకు తిప్పాలె. నేనంటిచ్చిన, నేనే తీస్త." మాస్క్ దించుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. "తిర్మల్. తాడు ఇంకెవలకు ఇయ్యకు. నువ్వు మంచిగ పడ్తవ్."

దిగాడు. ఈసారి నీళ్ళు కళ్ళకద్దుకోలేదు.

తిరుమల్ రేడియోలో షిప్పుకు చెప్పాడు. కెప్టెన్ సైరన్ వేశాడు. అంత షిప్పు లంగరు ఎత్తి కదలడానికి ఇరవై నిమిషాలు చాలవు. ఆ సంగతి అందరికీ తెలుసు.

పదకొండూ పదిహేడు. ఒక గుంజు. బాగున్నాడు.

పదకొండూ ఇరవై. తాడు షిప్పుకు దూరంగా పోవడం మొదలుపెట్టింది. పెట్టె ఊడింది. రాజేశం దాన్ని పట్టుకుని లోతు వైపు ఈదుతున్నాడు. రెండు గుంజులు. తాడు వదులు. తిరుమల్ వదిలాడు. మళ్ళీ రెండు గుంజులు. ఉన్న తాడంతా అయిపోయింది. బోటు లంగరు తాడు విప్పి దానికి ముడి వేశాడు. అదీ పోతోంది.

పదకొండూ ఇరవై ఆరు. తిరుమల్ మూడుసార్లు గుంజాడు. పెట్టె వదిలేసి పైకి రా. జవాబు లేదు. మళ్ళీ మూడుసార్లు గుంజాడు.

పదకొండూ ఇరవై ఎనిమిదికి జవాబు వచ్చింది. పొడుగ్గా ఒక్క గుంజు. నాలుగో సైగ. అలాగే పట్టుకున్నాడు. తిరుమల్ చేతులు నీళ్ళలోకి సాగేదాకా పట్టుకున్నాడు.

తర్వాత తాడు వదులైంది. తిరుమల్ రెండు చేతులా లాగాడు. తేలిగ్గా వచ్చింది. చివర కత్తితో నున్నగా కోసి ఉంది.

పదకొండున్నరకు దూరంగా సముద్రం ఒక్కసారి ఉబ్బింది. చప్పుడు పెద్దగా రాలేదు. బోటు అడుగున ఎవరో గట్టిగా తన్నినట్టు అయింది. చచ్చిన చేపలు తెల్లగా తేలాయి. గంధర్వ కొంచెం ఊగి నిలబడింది. పైన సెయిలర్ చేతిలోని చాయ్ కప్పు నీళ్ళలో పడింది. నష్టం అంతే అని తర్వాత రిపోర్టులో రాశారు.

*

మధ్యాహ్నానికి ముఠా మనుషులు ముగ్గురు ఎయిర్‌పోర్టులో దొరికారు. సబ్రీన్ దొరకలేదు. ఆమె డైవింగ్ షాపు తాళం వేసి ఉంది. గుమ్మం దగ్గర ఎర్ర ఫిన్స్ ఎండుతున్నాయి.

దోహా డైవర్లు సాయంత్రం దాకా వెతికారు. అడుగున ఇసుక లేచి చెయ్యి పెడితే చెయ్యి కనిపించడం లేదన్నారు. ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మిషన్ సక్సెస్. కంగ్రాచులేషన్స్. రేపు ఉదయం తొమ్మిదికి ఫ్లైట్.

పొద్దుగూకే వేళ, రాజేశం దిగేముందు బోటులో వదిలిన ఫోన్ తిరుమల్ జేబులో మోగింది. బాలవ్వ.

"ఏందయ్యా, ఇయ్యాల డ్యూటీ ఇడువలేదా? గల్ఫ్‌ల శెలవు లేదా మీకు?"

"వదినె, నేను తిర్మల్‌ను."

ఆమె డైవర్ భార్య. వేరేవాళ్ళు ఫోన్ ఎత్తితే దాని అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. తిరుమల్ ఉన్నదున్నట్టు చెప్పాడు. షిప్పు గురించి, ఇరవై ఏడు మంది గురించి చెప్పాడు. తాను నీళ్ళు కళ్ళకద్దుకున్న సంగతి కూడా చెప్పాడు. దాపరికం లేకుండా పని గురించి ఒక మనిషికి చెప్పడం అతనికి అదే మొదలు. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"దొరికిండా?"

"లేదు వదినె. నీళ్ళు తేరాలె."

"దొరకవట్టు తమ్మీ," అంది బాలవ్వ. "ఈయననన్న దొరకవట్టు."

మర్నాడు ఉదయం తిరుమల్ ఫ్లైట్ ఎక్కలేదు. హాలిడేలో ఇంకా ఒక డైవ్ మిగిలి ఉందని ఆఫీసుకు మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాడు. ముజఫ్ఫర్ అలీ ఒక బోటు, పర్మిషన్ తెచ్చాడు. ఎలా తెచ్చాడో చెప్పలేదు. దారిలో ఆయన తిరుమల్ చెయ్యి పట్టుకుని వాచీని చెవి దగ్గర ఆడించాడు.

"లోపల ఉప్పు చేరింది. మొన్న దుఖాన్‌లో దిగినప్పుడే పోయింటాదప్పా. లైటు పచ్చగా ఆడనే కరుసుకపోయింది. రిపేరు కాదు."

తిరుమల్ తలూపాడు. వాచీ విప్పలేదు. తాడు ఆయన చేతికిచ్చి నాలుగు సైగలూ చెప్పాడు. ముజఫ్ఫర్ అలీకి పడవ ప్రయాణం పడదు. ముఖం పాలిపోయి ఉంది. అయినా తాడును రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు.

నీళ్ళు తేరుకున్నాయి. తిరుమల్ దోసెడు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. చాలాసేపు అద్దుకున్నాడు. దిగాడు.

గంటసేపు తాడు మీద ఒక్కొక్క గుంజే వచ్చింది. సిలిండర్ మార్చుకుని మళ్ళీ దిగాడు. ఎండ ఎక్కింది. ముజఫ్ఫర్ అలీ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడో, ప్రార్థిస్తున్నాడో.

అప్పుడు తాడు పొడుగ్గా ఒక్కసారి బిగిసింది. బిగిసి అలాగే ఉండిపోయింది.

ముజఫ్ఫర్ అలీ కంగారుపడలేదు. నేర్పినట్టే నెమ్మదిగా, ఆగి ఆగి లాగాడు. ముందు తిరుమల్ చెయ్యి ఒకటి నీళ్ళపైకి వచ్చి బోటు అంచు పట్టుకుంది. రెండో చెయ్యి బరువుగా నీళ్ళలోనే ఉంది. పైకి వచ్చిన చేతికి ఆఫీసు వాచీ ఉంది. భయమేమీ లేదని అది ఇంకా పచ్చ లైటు చూపిస్తూనే ఉంది.